మానసిక ఆరోగ్య నిపుణుల అర్హతలు: ఒక చారిత్రక పరిశీలన



మీ ఊళ్లో ఒక డాక్టరు గారి బోర్డును గమనించండి. పేరు పక్కన డిగ్రీ, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు కనిపిస్తాయి. ఆ నంబరుతో ఆయన అర్హతను సరిచూసుకోవచ్చు. ఇప్పుడు 'కౌన్సెలింగ్ సెంటర్' అన్న బోర్డును గమనించండి. లోపల కూర్చున్నవారు ఏం చదివారు? ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు? పొరపాటు జరిగితే ఎవరికి జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతకడానికి మన దేశానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ క్రమాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

చట్టం ఒకవైపు, చదువు మరోవైపు

బ్రిటిష్ పాలకులు 1912లో 'ఇండియన్ లూనసీ యాక్ట్' చేశారు. రోగిని ఆసుపత్రిలో ఎలా చేర్చాలి, ఎవరి ఉత్తర్వు కావాలి అన్నవే దాని ముఖ్య విషయాలు. రోగితో మాట్లాడి, అతని బాధ విని, సహాయం చేసేవారికి ఏ శిక్షణ ఉండాలో అది చెప్పలేదు.

అదే కాలంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో మనస్తత్వశాస్త్ర విభాగం ప్రారంభమైంది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ అదే నగరంలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. అంటే శాస్త్రం వచ్చింది. కాని తరగతి గదికీ ఆసుపత్రికీ మధ్య వంతెన లేదు.

శిక్షణకు పునాది

1946లో భోర్ కమిటీ నివేదిక మానసిక వైద్యరంగంలో శిక్షణ పొందినవారి కొరతను ఎత్తి చూపింది. ఫలితంగా 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడాది అక్కడ క్లినికల్ సైకాలజీలో కోర్సు మొదలైంది. 1962లో రాంచీలోనూ ఇటువంటి కోర్సు ప్రారంభమైంది. బెంగళూరు సంస్థే 1974లో నిమ్హాన్స్‌గా రూపొందింది.

ఇందులో ముఖ్యాంశం ఏమిటి? పుస్తకం చదివినంత మాత్రాన ఈత రాదు కదా! అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, రోగుల మధ్య పని నేర్చుకోవాలన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది.

రిజిస్టరు ఎలా వచ్చింది?

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలుకు వచ్చి, పాత 1912 చట్టాన్ని తొలగించింది. అది సైకియాట్రిస్టును నిర్వచించింది, ఆసుపత్రులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. కౌన్సెలర్ ఎవరో చెప్పలేదు.

1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. దాని ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు కేంద్ర రిజిస్టరులో నమోదు కావాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఇది వికలాంగుల పునరావాసం కోసం చేసిన చట్టం. ఆ రంగానికి బయట పనిచేసే సాధారణ కౌన్సెలర్లు దీని పరిధిలోకి రాలేదు.

లైసెన్సు, అర్హత అన్నవి కాగితాల వ్యవహారమని మీకు అనిపించవచ్చు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, లైసెన్సు లేని ఒక మానసిక రోగుల గృహంలో మంటలు చెలరేగాయి. గొలుసులతో కట్టి ఉంచిన రోగులు తప్పించుకోలేక 28 మంది మరణించారు. ఎవరు, ఏ అర్హతతో రోగులను చూస్తున్నారని అడిగేవారు లేనప్పుడు ఏం జరుగుతుందో ఈ ఘటన చెబుతోంది.

ఇటీవలి మార్పులు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలైంది. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక ఆరోగ్య నర్సు అనే నలుగురినీ విడివిడిగా నిర్వచించింది. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యంలో పి.జి. చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఈ వృత్తికి చాలాకాలం ముఖ్యమార్గం ఎం.ఏ. తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్. 2020 జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్.ను తొలగించాలనడంతో ఆ మార్గం మారుతోంది.

ఆ నలుగురిలోనూ కౌన్సెలర్ లేడు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులనూ కొన్ని రకాల కౌన్సెలర్లనూ తన జాబితాలో చేర్చి, జాతీయ, రాష్ట్ర రిజిస్టర్లు ఉండాలని నిర్దేశించింది.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో తీర్పునిస్తూ, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలని ఆదేశించింది. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో వారికి శిక్షణ ఉండాలని కూడా పేర్కొంది. కనుక ఈ చరిత్ర ఇప్పుడు మీ కళాశాల గుమ్మం దాకా వచ్చింది.

మీరు అడగవలసినవి

మంచి మాట చెప్పడానికి డిగ్రీ అక్కరలేదు. అమ్మమ్మ చెప్పవచ్చు, మాస్టారు చెప్పవచ్చు. కాని డబ్బు తీసుకొని, వృత్తిగా చేసేవారిని కొన్ని ప్రశ్నలు అడగడం మీ హక్కు. మీ డిగ్రీ ఏమిటి? ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు? రిజిస్ట్రేషన్ ఉందా? నేను చెప్పింది రహస్యంగా ఉంటుందా, ఏ పరిస్థితిలో ఇతరులకు చెబుతారు? అర్హులైనవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. సమస్య తమ పరిధి దాటితే, తగిన నిపుణుల దగ్గరకు వారే పంపుతారు.

మనసు బరువెక్కినప్పుడు ఈ అర్హతలన్నీ సరిచూసే ఓపిక ఉండకపోవచ్చు. అటువంటప్పుడు 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. సహాయం కోరడానికి మీకు మాత్రం ఏ అర్హతా అవసరం లేదు.