కరివేపాకు చెట్టు మీది చరిత్ర

కరివేపాకు చెట్టుకు వృక్షశాస్త్రంలో ముర్రయా కోనిగి అని పేరు. అందులో కోనిగి అన్న ముక్క ఒక డాక్టరు గారిది. ఆయన పేరు జొహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువు, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ. ఎక్కడ పనిచేసినా ఒక చేత్తో వైద్యం, ఇంకో చేత్తో మొక్కలు, పురుగులు పోగుచేయడం. 1785లో రక్తవిరేచనాలు పట్టుకొని మన కాకినాడ జగన్నాథపురంలోనే చనిపోయాడు. అప్పుడు ఆయనకు వైద్యం చూసినవాడు విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ పంపిన పురుగుల్లో చాలావాటికి లిన్నేయస్ మరో శిష్యుడు ఫాబ్రీషియస్ పేర్లు పెట్టాడు. చారు పోపులో వేసే రెమ్మ వెనుక ఇంత కథ ఉందని నాకు నలభై దాటినాక తెలిసింది.

ఆ చెట్టు మీద రెండు రకాల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఒకటి పసుపు, నలుపు మచ్చలది. దాన్ని డెమోలియస్ అంటారు. ఇంకొకటి నల్లటిది, వెనక రెక్కల మీద తెల్ల చుక్కల వరుస ఉంటుంది. అది పాలిటీస్. రెండింటికీ 1758లో లిన్నేయస్సే పేరు పెట్టాడు. ఆయన ఇండియా ఎన్నడూ రాలేదు. పెద్ద సీతాకోకచిలుకలు ఎన్నిటికో ట్రాయ్ యుద్ధ కథలోని వీరుల పేర్లు పంచిపెట్టాడు. మనవాళ్లు యుద్ధం జోలికి పోకుండా సీతమ్మ కోక అన్నారు. తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి ఒక మాట చెప్తాను. మన కావ్యాల్లో తుమ్మెదకు దక్కిన చోటు ఈ చిలుకకు దక్కలేదు. అన్నిటికీ కలిపి ఒక్క పేరు పెట్టి ఊరుకున్నాం.

పాలిటీస్ ఆడవాటిది మరీ వింత. మగదానిలా ఉండేవి కొన్ని. మిగిలినవి పక్షులు ముట్టని వేరే రకాల వేషం వేసుకుంటాయి, ఎర్ర మచ్చలతో. ఇవన్నీ ఒకే జాతి ఆడవని 1860లలో వాలెస్ వివరించాడు. ఇంగ్లీషువాళ్లు దానికి కామన్ మార్మన్ అని పేరు పెట్టారు. మార్మన్ మతస్థుల్లో అప్పట్లో బహుభార్యత్వం ఉండేది కదా, అదీ అందులోని వేళాకోళం. మగదాన్ని చూసి పేరు పెట్టారు గానీ ఇన్ని వేషాలు వేసేది ఆడది.

హాలియాలో మా పెరట్లో వానలు మొదలైతే ఈ పురుగులు కనిపిస్తాయి. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి. పెద్దయ్యాక ఆకుపచ్చ. వేలితో తాకితే తల దగ్గర నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. అత్తమ్మ చూసి "ఏందే, పురుగుల్ని సాదుతున్నవా?" అన్నది. ఆమె కోపం ఊరికే కాదు. మాకు బత్తాయి తోట ఉంది. నల్లగొండ జిల్లాలో బత్తాయి అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. డెమోలియస్ పురుగు తినేది ఆ కుటుంబం ఆకులే. లేత అంట్లు అయితే ఈనెలు తప్ప ఏమీ మిగల్చదు. మా మరిది మందు కొట్టిస్తానంటే నేను కాదనలేను. మొక్కకు పెట్టిన డబ్బు నాకూ తెలుసు. ఏరగలిగినన్ని ఏరి, సంచిలో తెచ్చి మా కరివేపాకు మీద వదులుతాను. ఇదే చిలుక 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి అక్కడి నిమ్మ రైతులకు కూడా గుబులు పుట్టించింది.

పురుగుల్ని ఇంట్లో సాదిన ఆడవాళ్లలో నాకు బాగా నచ్చింది మరియా సిబిల్లా మేరియన్. 1647లో జర్మనీలో పుట్టింది. పదమూడేళ్లకే పట్టుపురుగులు పెంచింది. పురుగులు బురద నుంచి, కుళ్లు నుంచి పుడతాయని చాలామంది నమ్మే రోజులవి. ఆమె గుడ్డు, గొంగళి, గూడు, చిలుక, అది తినే మొక్క, అన్నీ ఒకే బొమ్మలో గీసి 1679లో పుస్తకం వేసింది. అప్పటికి పిల్లల తల్లి. తర్వాత భర్త నుంచి విడిపోయింది. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, తన బొమ్మలు అమ్ముకున్న డబ్బుతో చిన్న కూతురు డొరోతియాను వెంటబెట్టుకొని దక్షిణ అమెరికాలోని సురినాం పోయింది. రెండేళ్లకు జబ్బుతో తిరిగొచ్చింది. అరవై బొమ్మల పుస్తకం 1705లో వచ్చింది. లిన్నేయస్ పేర్లు పెట్టేటప్పుడు ముందు పెట్టుకున్న బొమ్మల్లో ఆమెవీ ఉన్నాయి. మనం హైదరాబాదు పోవాలన్నా ఇంట్లో ఎవరు వండుతారని నాలుగు రోజులు ఆలోచిస్తాం.

నేను పోయిన దూరదేశం ఒక్కటే, డల్లాస్‌లో ఉన్న మా చెల్లె ఇల్లు. అక్టోబరు నెల. వాళ్ల వాకిట్లో నారింజ రంగు మోనార్క్ చిలుకలు ఆగి ఆగి దక్షిణానికి పోతున్నాయి. "పెద్దమ్మా, ఇవి మెక్సికో దాకా పోతాయి" అని చెల్లె కూతురు చెప్పింది. అవి చలికాలం ఎక్కడ గడుపుతాయో బయటి లోకానికి 1975 దాకా తెలియదు. కెనడాలో ఫ్రెడ్ ఉర్కుహార్ట్, ఆయన భార్య నోరా ఏళ్ల తరబడి రెక్కలకు చిన్న చీటీలు అంటించి వెతికారు. చివరికి మెక్సికో కొండల్లో చెట్లకు లక్షలుగా వేలాడుతున్నవాటిని చూసినవాళ్లు కెన్ బ్రగ్గర్, కతలీనా అగ్వాడో. బ్రగ్గర్‌కు రంగులు సరిగా కనిపించేవి కావట. కతలీనాది ఆ ప్రాంతమే. మరుసటి ఏడు అక్కడికి పోయిన ఉర్కుహార్ట్‌కు మిన్నెసోటాలో చీటీ అంటించిన చిలుక ఒకటి దొరికింది.

మోనార్క్ పురుగు తినేది పాలు కారే మొక్క. చూడగానే మన జిల్లేడు గుర్తొచ్చింది. రెండూ ఒకే కుటుంబం. సాగర్ ఎడమ కాల్వ కట్ట మీద జిల్లేడు పూలపై తిరిగే నారింజ చిలుక కూడా మోనార్క్‌కు దాయాదే. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో ఉంటుంది కాబట్టి పక్షులు దాని జోలికి రావు. నీలం చారల చిలుక ఒకటుంది, దాని ప్రజాతికి 1880లో ఫ్రెడరిక్ మూర్ పెట్టిన పేరు తిరుమల!

ఈ ఏడు మా వీధి చివర ఖాళీ జాగలో జిల్లేళ్లన్నీ కొట్టేశారు. పెరటి గోడ పక్కన రెండు మొక్కలు పెరగనిస్తున్నాను. ఆంజనేయుడి దండకు పూలు వస్తాయని అత్తమ్మ ఒప్పుకుంది. పాలు కళ్లల్లో పడతాయని పిల్లల్ని మాత్రం అటు పోనివ్వదు.