నరమృగ కథల పుట్టుపూర్వోత్తరములు

పున్నమిరాత్రి తోడేలుగా మారి, తెల్లవారుసరికి మరల మనుష్యుడై ఇల్లు చేరి, భార్య పెట్టిన అన్నము తిని, బిడ్డలను బడికి పంపు గృహస్థుని కథ పాశ్చాత్యదేశములలో ఇటీవల మిక్కిలి ఆదరణ పొందుచున్నది. ఒకప్పుడు అడవులలోను పాడుపడిన కోటలలోను సంచరించిన ఆ నరవృకము నేడు పట్టణమందలి ఇంటిలో కాపురముండి, అద్దె చెల్లించుచు, అత్తమామల మాట పడుచు, తన బిడ్డకును ఈ గుణము సంక్రమించునేమో యని బెంగపడుచున్నది. ఇది కేవలము విదేశీయమైన సరకని మన యువపాఠకులు పలువురు తలచుచున్నారు. తక్కిన చోట్ల సంగతి ఎట్లున్నను, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పుట్టి పెరిగినవారు అట్లు తలచుట న్యాయము కాదు. రూపము మార్చు ప్రాణిని ఇంటి చుట్టముగా చేసికొని, దానితో వావివరుసలు కలిపి, అలుకలును సీమంతములును నడపిన కథలు ఈ సీమలో తరతరములుగా వీధులలో ఆడబడుచున్నవి, పాడబడుచున్నవి.

ముందుగా పాశ్చాత్యుల సంగతి కొంత చెప్పవలెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి రోమకకవి పెట్రోనియస్ రచనలో ఒక సైనికుడు వెన్నెలరాత్రి శ్మశానమువద్ద బట్టలు విప్పి తోడేలై మందమీద పడును. ఆ తోడేలు మెడకు ఈటె దెబ్బ తగులును. మరునాడు ఆ సైనికుడే మెడగాయముతో మంచము పట్టి వైద్యునిచేత చికిత్స చేయించుకొనుచుండును. ఇందు భయమున్నదే గాని సంసారము లేదు. సంసారము ప్రవేశించినది 12వ శతాబ్దములో, మారీ ద ఫ్రాన్స్ అను కవయిత్రి వ్రాసిన 'బిస్‌క్లావ్రె' కథతో. వారమున మూడుదినములు కనబడకపోవు భర్తను భార్య లాలించి, రహస్యము రాబట్టి, అతడు తోడేలై పోయినప్పుడు దాచు బట్టలను మరియొకనిచేత దొంగిలింపజేయును; బట్టలు లేనిదే మనుష్యరూపము రాదు గనుక ఆ భర్త అడవిలోనే మృగమై నిలిచిపోవును. ఆ మృగమును రాజు చేరదీయుటయు, కడకు నిజము తేలుటయు తరువాతి కథ. ఇంత చక్కని దాంపత్యకథ పుట్టినను, తరువాతి శతాబ్దములలో యూరపుఖండమున ఈ విషయము న్యాయస్థానముల పాలై, 1589లో జర్మనీదేశమున పీటర్ స్టంప్ అనువానిని తోడేలుగా మారి హత్యలు చేసెనని చిత్రవధ చేసిన దుర్దినములు వచ్చినవి. మరల కుటుంబము కథలోనికి గట్టిగా వచ్చినది చలనచిత్రములవలన: 1941 నాటి 'ది వుల్ఫ్ మాన్' చిత్రమున తండ్రియే వెండిపిడి చేతికర్రతో మృగరూపమున నున్న కుమారుని కొట్టి చంపును, 1985 నాటి 'టీన్ వుల్ఫ్' చిత్రమునందో, తాను మారుచున్నానని భయపడి గదిలో దాగిన బాలునకు, తలుపు బయట నిలిచిన తండ్రియు అట్టివాడే యని తెలియును. నేడు వెలువడుచున్న కుటుంబ నరవృక కథలెల్ల ఈ రెండు త్రోవలలో ఏదో యొకదాని వెంబడి నడచుచున్నవి.

ఇక మన త్రోవ. శుక్లయజుర్వేదమందలి వాజసనేయసంహిత 30వ అధ్యాయమున పురుషవ్యాఘ్రుని ప్రసక్తి యున్నది; అది రూపాంతరము చెందు మనుష్యుడేయని కొందరి అభిప్రాయము. ఆ చర్చ పండితులకు విడిచిపెట్టుదును. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వము మనకు చాలును. అందు కిందముడను ముని భార్యతో మృగరూపమున క్రీడించుచుండగా పాండురాజు బాణము వేయుటయు, ఆ ముని శాపమువలననే పాండవుల జననవృత్తాంతము వేరొక దారి పట్టుటయు కలదు. అనగా భారతకథకు మూలమైన కుటుంబదుఃఖము ఒక మృగదంపతుల మరణముననుండి పుట్టినది. పిమ్మట హిడింబ. కామరూపిణియైన ఆ రాక్షసి సుందరస్త్రీ రూపమున వచ్చి భీముని వరింపగా, కుంతీదేవి ఆమెను కోడలిగా అంగీకరించును. అయితే ధర్మరాజు ఒక నియమము పెట్టును: పగలెల్ల భీముడు ఆమెతో విహరింపవచ్చును గాని, సూర్యాస్తమయమగుసరికి అతనిని తల్లి యొద్దకు, అన్నదమ్ముల యొద్దకు చేర్చవలెను. పాశ్చాత్యుని నరవృకము రాత్రి కాగానే ఇల్లు విడిచి పోవును. మన కథలో రాత్రి ఇంటివారిది. కోడలి స్వభావమేమో తెలిసియుండియు, ఆమెను వెడలగొట్టక, వేళలు నిర్ణయించుకొని సర్దుకొనిన ఈ కుటుంబవ్యవహారమును మించిన ఆధునికత ఏ నవలయందు కలదో నాకు కనబడలేదు.

ఈ హిడింబ మన ప్రాంతమున తాళపత్రములలో నిలిచిపోలేదు. పూర్వపు చిత్తూరుజిల్లా పడమటి భాగమున, వేసవి వచ్చెననిన, ద్రౌపదమ్మ గుడులు, ధర్మరాజుల గుడులు కల గ్రామములలో 'భారతము' పెట్టుదురు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. బకాసురవధ, అర్జునతపస్సు, కడపట దుర్యోధనవధ, అగ్నిగుండము. బకాసురవధనాడు భీమవేషధారి ఆహారపదార్థములు పేర్చిన బండిపై కూర్చుండి ఊరు తిరుగుచుండగా, ఇంటింటివారు వచ్చి తమ వంతు తినుబండారములు బండిలో పెట్టుదురు. ముఖమున అర్దళము, భుజములపై భుజకీర్తులు, చేత గద ధరించిన ఆ మనిషి నిన్నటిదాక తమతో పొలము దున్నినవాడేయని అందరెరిగియు, ఆ పూటకు అతనిని భీమునిగానే చూచి దండము పెట్టుదురు. రాత్రి రంగమున ఇద్దరు తెర పట్టుకొని నిలుతురు. ఆ గుడ్డకు అవతల రాక్షసియు, ఇవతల కోడలు. రూపాంతరమును నమ్మించుటకు ఈ ప్రజలకు అంతకంటె యంత్రసామగ్రి అవసరము లేకపోయెను. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకును, కుప్పము తిరుపతి గంగమ్మ జాతరకును తరలివచ్చు జనులకు, పాలెగాని వెదకుటకై మారువేషములు వేసిన తిరుపతి గంగమ్మ కథ క్రొత్తది కాదు. వేషము వేసినవాడు ఆ దినమునకు ఆ వేషమే యగునను విశ్వాసము ఈ సీమ నరనరములలో నున్నది.

అయినను ఈ విషయమున మనకు ఆదిగురువులు తరిగొండ వారు. మదనపల్లెకు ఉత్తరముగా, గుఱ్ఱంకొండ దాపున నున్న తరిగొండ లక్ష్మీనరసింహస్వామి సన్నిధిని 1730లో జన్మించిన వెంగమాంబ బాల్యముననే వివాహమై, బాల్యముననే భర్తను కోల్పోయినది. శ్రీహరియే తన భర్తయని చెప్పి, వైధవ్యచిహ్నములను స్వీకరింప నిరాకరించినదని సంప్రదాయము చెప్పుచున్నది. మదనపల్లెలో సుబ్రహ్మణ్యదేశికులను ఆశ్రయించి యోగవిద్య నేర్చినది. పిమ్మట తిరుమల చేరి, వేంకటాచలమాహాత్మ్యము, ద్విపదభాగవతము మున్నగు గ్రంథములు రచించి, 1817లో పరమపదించినది. నేటికిని తిరుమలలో రాత్రి ఏకాంతసేవవేళ జరుగు ముత్యాలహారతి ఆమె పేరిటనే నడచుచున్నది. ఆమె తొలిరచన తరిగొండ నృసింహశతకము. ఆమె యక్షగానములలో నొకటి చెంచునాటకము.

చెంచుకథ యెట్టిది? నడుము మీద సింహము, నడుము క్రింద మనుష్యుడైన దేవుడు హిరణ్యకశిపుని చీల్చిన పిమ్మట కోపము చల్లారక అడవులవెంట తిరుగుచుండును. దేవతలు దరిచేర వెరతురు. చెంచుపిల్ల మాత్రము వెరవదు. ఆ చూపు, ఆ మాట, ఆ పెండ్లి బేరము, అల్లుడు కాదలచినవానికి చెట్టెక్కుటయు వేటాడుటయు తేనెపట్టు పట్టుటయు వచ్చునా యని పరీక్షించుట, ఈ సంగతి వైకుంఠమున తెలిసి లక్ష్మీదేవి అలుగుట, సవతులిద్దరికి వాగ్వాదము, ఇవి కథకు పట్టుగొమ్మలు. సింహముఖుని మచ్చిక చేసినవి వెండిగుండ్లును కావు, వేటకుక్కలును కావు. మామగారి ఇంటి మర్యాదలు, ఇద్దరు భార్యల నడుమ పడిన పాట్లు. అహోబిలమున ఈ బంధుత్వము నేటికిని నెరపబడుచున్నది. కనుమనాడు మొదలగు పారువేట ఉత్సవమున నరసింహస్వామి పల్లకినెక్కి సుమారు నలుబది దినములు చుట్టుపట్ల గ్రామములు తిరిగి తన పెండ్లికి పిలుచును. చెంచులు తమ అల్లుని పల్లకిపై బాణములు ఎక్కుపెట్టుదురు. గృహస్థజీవనము తనకు చిన్ననాటనే మూసికొనిపోయిన ఒక స్త్రీ, మృగముఖుడైన దేవుని సంసారిగా చూపు కథను ఎంచుకొని నాటకముగా కూర్చినదనిన, అది మన సాహిత్యమునందు సామాన్యమైన ఘట్టము కాదు. తరిగొండను కేవలము భక్తిక్షేత్రముగా చూచి మరలిపోవువారు ఈ సంగతి గమనింపవలెను.

మదనపల్లెకు దాపుననే సుమారు 1265 మీటర్ల ఎత్తున మరియొక సాక్ష్యమున్నది. 19వ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర చల్లదనమునకై అచట బంగళా కట్టుకొనినది మొదలు అది హార్స్లీకొండయైనది గాని, అంతకుముందు దాని పేరు ఏనుగుమల్లమ్మకొండ. మల్లమ్మయను బాలికను ఏనుగులు సాకినవనియు, ఆమె కొండవాసుల రోగములు నయముచేయుచు ఒకనాడు కనబడక పోయినదనియు, వారామెకు గుడి కట్టిరనియు చెప్పుదురు. ఇందు రూపాంతరము లేదు, కాని మృగము కుటుంబమైనది. నేడు కుప్పము, పలమనేరు ప్రాంతముల పొలములపై ఏనుగుల మందలు పడి రైతులు నష్టపోవుచున్న కాలమున, 1990లో కౌండిన్య అభయారణ్యము నెలకొల్పియు సమస్య తీరని కాలమున, ఈ కథను మరల వ్రాయదగినవాడు ఎవడైనను ముందుకు రావలెనని కోరికయగుచున్నది.

కుప్పము దాటితే అరవదేశము. ఆ దేశమున నటేశశాస్త్రిగారు సేకరింపగా 1890లో ఆంగ్లమున అచ్చైన కథలలో నొకటి, పులిని పెండ్లాడిన బ్రాహ్మణకన్య కథ. బ్రాహ్మణభోజనముపై మక్కువగల మాయావి పులి మనుష్యరూపమున ఊరు చేరి, ఒక గారాబుకూతునకు వరుడై, పెండ్లిచేసికొని, ఆమెను అడవిదారి పట్టించును. దారిలో ఆమె కాళ్లు నొచ్చుచున్నవనగానే, నోరు మూసికొననియెడల నిజరూపము చూపుదునని బెదిరించును. ఆమె అడిగిన ప్రతిదానికిని అదే జవాబు. కాపురమున భర్త ముఖము ఒక్కమాటతో మారిపోవుట యనునది ఎందరు ఆడపిల్లలకు మాయలు మంత్రములు లేకయే అనుభవమైనదో తలచినప్పుడు, ఈ ముసలమ్మల కథ ఎంత నిష్ఠురసత్యము పలుకుచున్నదో బోధపడును. కడకు ఆమె కాకిచేత లేఖ పంపగా, ముగ్గురన్నలు వచ్చి ఉపాయముతో పులిని మోసగించి చెల్లెలిని పుట్టింటికి తెచ్చుకొందురు. రక్షించినది మంత్రవేత్త కాదు, పుట్టిల్లు.

మన బాలనాగమ్మ కథలో ఇదియే తారుమారైనది. మాయలమరాఠీ ఇల్లాలిని కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు తీసికొనిపోవును. ఉయ్యాలలో విడిచిపెట్టిన బిడ్డ పెరిగి పెద్దవాడై, పూలు కట్టు తంబళ్లపెద్ది ఇంట మనుమడుగా చేరి, తల్లిని విడిపించును. బుర్రకథకులు ఊరూర చెప్పిన ఈ కథను 1942లో జెమినీవారు సి. పుల్లయ్య దర్శకత్వమున, కాంచనమాల నాయికగా చిత్రముగా తీసిరి. మరుసటి సంవత్సరమున చెంచులక్ష్మి తెరకెక్కినది. 1958లో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటింపగా మరల వచ్చినది. వీని నడుమ, 1957లో, కె.వి. రెడ్డి 'మాయాబజార్' వెలువడినది. పెండ్లియింట శశిరేఖ రూపమున ఘటోత్కచుడు తిరుగుచుండుటయు, సావిత్రి ఆ ఆడురూపముననుండి మగఠీవి తొంగిచూచునట్లు నటించి వియ్యాలవారిని హడలగొట్టుటయు చూచినవారు, రూపాంతరకథకు ఇంటికంటె తగిన రంగస్థలము లేదని ఒప్పుకొనక తప్పదు.

పాశ్చాత్య నరవృకమునకు సరిగా తూగునది మాత్రము 1980లో వచ్చిన 'పున్నమినాగు'. కన్నడచిత్రమునకు అనుకరణమైనను, చిరంజీవి ధరించిన నాగులు పాత్ర తెలుగువారి మనసులలో నిలిచినది. పాములవాడైన తండ్రి బిడ్డకు చిన్ననాటినుండి అన్నముతో విషము పెట్టుటచేత, ఆ బిడ్డ పెరిగి, పున్నమిరాత్రి వచ్చినప్పుడెల్ల వశము తప్పి స్త్రీలను బలిగొనును. ఒడలిమీది చర్మము పాముకుబుసమువలె ఊడివచ్చుచుండగా అతడు దానిని తానే ఒలుచుకొను ఘట్టమున భయముకంటె జాలియే అధికము. ఎక్కడిదో మృగము కరచుటవలన వచ్చిన దోషము కాదది. కన్నతండ్రి చేతి ముద్దవలన వచ్చినది. 2022లో 'తోడేలు' అను పేరున ఒక హిందీచిత్రము తెనుగుమాటలు తొడిగికొని వచ్చినప్పుడు, నరవృకము మనకు మొదటిసారి పరిచయమగుచున్నదని భావించినవారు ఈ పున్నమినాగును మరచిరి.

నా అభిప్రాయమిది. అన్యదేశపు నరవృకకథ ప్రశ్నించునది, ఈ మనుష్యునిలోని మృగమును ఎట్లు చంపుదుమని. మన కథ ప్రశ్నించునది, ఈ మృగముతో మనకు వరుస యేమి, దీనికి ఏ గదిలో చోటియ్యవలెనని. రెండవ ప్రశ్నయే కుటుంబకథకు ప్రాణము. త్రాగి వచ్చిన తండ్రి, కోపిష్ఠియైన అన్న, పిచ్చి పట్టినదని ఊరువారు వెలివేసిన చెల్లెలు, వీరిని గురించి వ్రాయదలచువానికి ఇంతకంటె బలమైన సాధనము దొరకదు. మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పములోను కలము పట్టుచున్న యువరచయితలు నరవృకమును విమానమున దిగుమతి చేసికొనుటకు ముందు ఒక్క వేసవి భారతము కట్ట పక్క కూర్చుండవలెను. తరిగొండ పోయి రావలెను. ఇంట అవ్వ యున్నచో ఆమెను పులిమొగుని కథ అడుగవలెను. 1997 నుండి కుప్పమున నున్న ద్రావిడ విశ్వవిద్యాలయమువారు ఈ మూడు ప్రాంతముల వీధినాటక ప్రతులను, అవ్వల నోటి కథలను వెంటనే సేకరించి అచ్చువేయవలెనని ప్రార్థించుచున్నాను. ఆ ప్రతులు వ్రాసికొనిన ఒజ్జలలో పెక్కురు ఇప్పటికే వృద్ధులైనారు.