షరీఅత్ చట్టమూ స్త్రీల అంజుమన్లూ

సికింద్రాబాదులోని సీతాఫల్‌మండిలో ఒక ముస్లిం గృహస్థు ఒక ఇల్లో, దుకాణమో వదలి మరణించినాడనుకొందాం. అతని కుమార్తె న్యాయస్థానంలో తన వాటా కోరవలసివస్తే ఆమె చేతిలో ఉండేది 1937వ సంవత్సరపు షరీఅత్ వర్తింపు చట్టం. హక్కు మాత్రం చట్టం ఇచ్చినది కాదు. తల్లిదండ్రులూ దగ్గరి బంధువులూ వదలిపోయిన ఆస్తిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, స్త్రీకి భాగమున్నదని దివ్య ఖుర్ఆన్ (అన్నిసా: 7) ఏనాడో నిర్ణయించింది. మరి పదమూడు శతాబ్దాల తరువాత ఒక శాసనసభ ఆ మాటనే మళ్ళీ ఎందుకు చెప్పవలసి వచ్చింది?

కారణం రివాజు. బ్రిటిషు న్యాయస్థానాలు అనేక ప్రాంతాలలో షరీఅత్ కంటె స్థానికాచారానికే పెద్దపీట వేశాయి. 1847లో బొంబాయి సుప్రీంకోర్టు ముందుకు ఖోజా, మేమన్ కుటుంబాల వ్యాజ్యాలు వచ్చినప్పుడు, కుమార్తెలు ఖుర్ఆన్ ప్రకారం భాగమడిగారు. తమ కులాచారంలో ఆడపిల్లకు వారసత్వం లేదని ఎదుటి పక్షం వాదించింది. న్యాయమూర్తి ఎర్‌స్కిన్ పెరీ ఆచారానికే తలయొగ్గాడు. పంజాబులోనైతే కుమార్తెకు భూమి ఇస్తే అది పరాయి ఇంటికి పోతుందనే భయమే ధర్మశాస్త్రమై కూర్చున్నది. నమాజులో, రోజాలో ముస్లింలుగా ఉన్నవారే ఆస్తి పంపకంలో మరొకటిగా ఉండడం వింతయే.

దీనికి వ్యతిరేకంగా గొంతెత్తిన వారిలో స్త్రీల సంఘాలు ముఖ్యమైనవి. భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాఁ బేగం అధ్యక్షతన 1914లో అలీగఢ్‌లో అంజుమనె ఖవాతీనె ఇస్లాం ఏర్పడింది. 1917లో మద్రాసులోని అడయారులో భారత మహిళా సంఘం, 1927లో పూనాలో అఖిల భారత మహిళా సమావేశం వెలిశాయి. హైదరాబాదులో సుగ్రా హుమాయూఁ మీర్జా ‘అన్నిసా’ పత్రిక నడిపారు. ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ కుమార్తె తయ్యబా బేగం, లేడీ ఆమినా హైదరీ స్త్రీవిద్యకై పాటుపడ్డారు. 1908 సెప్టెంబరు మూసీ వరదలలో బాధితులకు సేవ చేసినవారిలో ఆమినా హైదరీ, సరోజినీ నాయుడు ఉన్నారు. 1917 డిసెంబరు 18న స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ మద్రాసులో మాంటేగును కలిసిన ప్రతినిధివర్గానికి నాయకత్వం వహించినది ఈ సరోజినీ దేవియే.

వారి చేతిలో ఓటు దాదాపు లేదు, అధికారం అసలే లేదు. సభ జరిపి తీర్మానం చేయడం, దానిని శాసనసభ్యులకూ ప్రభుత్వానికీ పంపడం, పత్రికలలో ప్రకటించడం, మళ్ళీ మరుసటి ఏడు అదే తీర్మానం చేయడం, ఇదీ వారి పద్ధతి. పాలకుల ముందు స్త్రీ మొరపెట్టుకోవడం తగునా అని శంకించేవారు ఆనాడూ ఉన్నారు. తన భర్త చేసిన జిహార్ విషయమై దైవప్రవక్త (సఅసం)తో వాదించిన హజ్రత్ ఖౌలా (రజి) మొరను అల్లాహ్ ఆలకించాడని సూరా ముజాదలా ఆరంభంలోనే ఉన్నది. ఇంతకు మించిన జవాబు అవసరం లేదు.

ఈ సంఘాల మాట ప్రతిసారీ చెల్లలేదు. 1918లో లాహోరు సభ బహుభార్యాత్వానికి వ్యతిరేకంగా తీర్మానించగా తీవ్రమైన దుమారం లేచింది. వారసత్వం సంగతి వేరు. ఇక్కడ వారు కోరినది కొత్త హక్కు కాదు, గ్రంథంలో ఉన్నదానిని అమలుజరపమని మాత్రమే. కాబట్టి ఏ పార్టీవారికీ, ఏ ఆలిమ్‌కూ సూత్రరీత్యా అడ్డుచెప్పే వీలు లేకపోయింది. కేంద్ర శాసనసభలో హెచ్.ఎం. అబ్దుల్లా ప్రతిపాదించిన బిల్లు ఉద్దేశాల ప్రకటనలో, ముస్లిం మహిళా సంఘాలన్నీ ఆచార న్యాయాన్ని ఖండించాయనీ, తమకు షరీఅత్ వర్తింపజేయాలని కోరాయనీ స్పష్టంగా వ్రాయబడింది. ఒక చట్టం తన పుట్టుకకు స్త్రీల సంఘాలను ఇలా సాక్ష్యంగా చూపడం అరుదు. 1937 అక్టోబరు 7న అది అమలులోకి వచ్చింది.

అయితే అసలు ఆస్తి చేజారింది. వ్యవసాయ భూమిని చట్టం మినహాయించింది. 1935 రాజ్యాంగ చట్టం ప్రకారం అది రాష్ట్రాల విషయమన్నది సాంకేతిక కారణం. భూస్వాముల పలుకుబడి కూడా మరువరానిది. పల్లెటూరి ఆడపడుచుకు ఇల్లు, పాత్రలు, నగలలో వాటా దక్కింది, పొలంలో దక్కలేదు. మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ తెచ్చి ఈ మినహాయింపును తొలగించింది. నాటి ఆంధ్ర జిల్లాలు మద్రాసులోనివే కనుక ఆ మేలు వారికీ అందింది.

1939లో వివాహ విచ్ఛేద చట్టం వచ్చింది. దీని వెనుక ఉలమాల కృషియే ప్రధానమనడం న్యాయం. జాడలేని భర్తకై స్త్రీ ఏండ్ల తరబడి ఎదురుచూడవలసిన హనఫీ నియమం వల్ల కొందరు మతం విడిచి బంధవిముక్తి పొందుతుండగా, మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చునని 1931లో వివరించారు. చట్టం ప్రకారం నాలుగేండ్లు భర్త జాడ లేకున్నా, రెండేండ్లు పోషణ లేకున్నా భార్య విచ్ఛేదన కోరవచ్చును.

ఈ రెండు చట్టాలూ చేయబడినది బ్రిటిషు ఇండియాకు. నిజాం సంస్థానానికి కాదు. పూర్వ హైదరాబాదు సంస్థాన ప్రాంతానికి అవి 1959వ సంవత్సరపు 48వ చట్టం ద్వారా విస్తరించి, 1960 ఫిబ్రవరి 1 నుండి అమలయ్యాయి. లాహోరులో, మద్రాసులో ఒక తరం ముందు దొరికిన కాగితం ఇక్కడి ఆడబిడ్డకు అంత ఆలస్యంగా దొరికింది. హైదరాబాదు అంజుమన్ల సభ్యురాళ్ళు చాలామంది నవాబుల, పెద్ద ఉద్యోగుల ఇండ్లవారు. లాలాగూడ రైల్వే కర్మాగారంలో పనిచేసే కార్మికుని భార్యకు వారి పరదా విందులలో చోటెక్కడిది? అయినా తయ్యబా బేగం కుమార్తె మాసూమా బేగం 1952లో శాలిబండ నుండి, 1957లో పత్తర్‌గట్టి నుండి శాసనసభకు ఎన్నికై, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చేపట్టారు. తల్లి తరం విన్నపాలు పంపిన చోట కుమార్తె ఎన్నికైన సభ్యురాలిగా కూర్చున్నది.