మారిషస్ పర్యటన

మారిషస్ హిందూ మహాసముద్రములో, మడగాస్కరుకు తూర్పున సుమారు 800 కి.మీ. దూరములో ఉన్న ఒక ద్వీప దేశము. దీని రాజధాని పోర్ట్ లూయిస్. దేశ వైశాల్యము సుమారు 2,040 చ.కి.మీ. చెరకు తోటలు, కొండ అడవులు, పగడపు దిబ్బలు ఇక్కడి ప్రధాన ఆకర్షణలు. ఉత్తరాంధ్ర నుండి వలస వెళ్ళిన కుటుంబాల సంతతివారు ఇక్కడ నివసిస్తున్నందున, శృంగవరపుకోట ప్రాంతము నుండి వెళ్ళే యాత్రికులకు ఇది విహారయాత్ర మాత్రమే కాదు.

చరిత్ర

1598లో డచ్చివారు ఈ ద్వీపమునకు తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. ఎగరలేని డోడో పక్షి ఇక్కడ 17వ శతాబ్దములో అంతరించినది. 1715లో ఫ్రెంచివారు, 1810లో బ్రిటిషువారు ద్వీపమును ఆక్రమించారు. 1835లో బానిసత్వము రద్దయినది. చెరకు తోటలలో పనికై 1834 నుండి 1920 వరకు సుమారు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు ఇక్కడికి చేరారు. వారిలో అత్యధికులు భారతీయులు. 1968 మార్చి 12న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది.

తెలుగువారు

విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి వచ్చిన కూలీలే మారిషస్ తెలుగువారి పూర్వీకులు. కోరంగి రేవు పేరు మీదుగా వీరిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. సింహాద్రి అప్పన్న పూజ, రామభజన, అమ్మోరు పండుగ నేటికీ జరుపుకుంటారు. ఉగాది ప్రభుత్వ సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఇక్కడ జరిగాయి.

చూడదగిన ప్రదేశాలు

* ఆప్రవాసీ ఘాట్: పోర్ట్ లూయిస్ రేవులో కూలీలు దిగిన స్థలము. వారు ఎక్కిన రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించబడినది.
* లె మోర్న్: నైఋతి కొనలో ఉన్న కొండ. పారిపోయిన బానిసలు ఇక్కడ తలదాచుకున్నారు. 2008లో ప్రపంచ వారసత్వ స్థలమైనది.
* పాంప్లెమూస్ ఉద్యానవనము: పెద్ద పళ్ళెముల వంటి ఆకులు గల కలువలకు ప్రసిద్ధి.
* బ్లాక్ రివర్ జాతీయవనము: దేశములోని ఎత్తైన శిఖరము (828 మీ.) ఈ ప్రాంతములోనే ఉన్నది.
* షమరేల్: జలపాతము, ఏడు రంగుల నేల కలవు.
* గంగా తలావ్: పర్వత సరస్సు. మహాశివరాత్రికి భక్తులు కాలినడకన వస్తారు.

ప్రయాణ ప్రణాళిక

శృంగవరపుకోట నుండి విశాఖపట్నమునకు రోడ్డు మార్గములో గాని, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గములో గాని చేరి, అక్కడి నుండి విమానములో ముంబై వెళ్ళవచ్చును. ముంబై నుండి మారిషస్‌కు నేరుగా విమానాలు ఉన్నాయి. వీసా, ఆరోగ్య నియమాలు మారుతూ ఉంటాయి గనుక ప్రయాణమునకు ముందు సరిచూసుకోవలెను.

అక్కడి ఋతువులు మనకు విరుద్ధము. మే నుండి అక్టోబరు వరకు చల్లగా, పొడిగా ఉంటుంది. జనవరి నుండి మార్చి వరకు తుఫానుల భయము ఎక్కువ. అక్కడి సమయము మన కంటే గంటన్నర వెనుక. ఇంగ్లీషు, ఫ్రెంచి, క్రియోల్ భాషలు వాడుకలో ఉన్నాయి. అక్కడి నాణెము పేరు కూడా రూపాయి అయినా అది భారతీయ రూపాయి కాదు. పోర్ట్ లూయిస్ నుండి క్యూర్‌పిప్ వరకు మెట్రో రైలు ఉన్నది. వాహనాలు మన వలెనే ఎడమవైపు నడుస్తాయి.

పూర్వీకుల వివరాలు

ఒప్పంద కూలీల వలస పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచబడ్డాయి. వాటిలో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామము వంటి వివరాలు ఉంటాయి. ఇవి వెదకదలచినవారు ముందుగా సంస్థకు వ్రాసి అనుమతి పొందుట మంచిది.

ఇచ్చట ఒక విషయము గమనించవలెను. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడినది. అంతకు ముందు శృంగవరపుకోట విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కనుక ఈ ప్రాంతమువారి పేర్లను పాత పత్రాలలో విశాఖపట్నం జిల్లా క్రింద వెదకవలెను. గ్రామాల పేర్లను గుమాస్తాలు తాము విన్న విధముగా ఇంగ్లీషులో వ్రాసినందున, ఒకే ఊరు పలు విధాలుగా కనిపించవచ్చును. ఇంటిలోని పెద్దలను అడిగి ఇంటిపేరు, ఊరు, ఇలవేల్పు, వలస వెళ్ళినవారి పేర్లు వ్రాసుకొని వెళ్ళినచో వెదకుట సులభమవుతుంది.