నక్కో, హౌ, రెండు డిస్కులు

మా ఖాందాన్‌లో ఆడవాళ్లు సినిమా హాలుకెళ్లడం తక్కువ. అందుకే 'ది అంగ్రేజ్' మా ఇంటికి వీసీడీగానే వచ్చింది. 2005-06 నాటి సంగతి. కుంట నిఖిల్ తీసిన చిన్న బడ్జెట్ కామెడీ. అమెరికా నుంచి దిగిన కుర్రాళ్లకూ, చార్మినార్ దగ్గర గప్పాలు కొట్టే ఇస్మాయిల్ భాయి దోస్తులకూ లడాయి. ఎవరి తహజీబ్ వాళ్లది. సలీం ఫేకు కోతలకు మా నానీమా దుపట్టాతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. రెండో డిస్కు పెట్టేలోపు "జల్దీ లగారే" అని తొందర.

నాకు నవ్వుతోపాటు ఇంకేదో గుర్తొచ్చింది. బడిలో ఉర్దూ ఉస్తాద్ నా "నక్కో"ని ఎర్రసిరాతో కొట్టేసేవారు, అది గల్లీ జబాన్ అని. ఆ దక్కనీలోనే గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలన 1580-1612) దీవాన్ రాశాడు. దక్కన్ నుంచి వెళ్లిన వలీ గజళ్లు విన్నాకే దిల్లీ షాయర్లు చాలామంది ఫార్సీ నుంచి ఇటు మళ్లారు. మా ఉస్తాద్ ఈ ముచ్చట ఎన్నడూ చెప్పలేదు.

సినిమా మీద నాకో షికాయత్ ఉంది. మన మగాళ్లంతా పనీపాటా లేనోళ్లేనా? నానీమానే అడిగాను.

"హౌ, మన గల్లీలో లేరా ఏంది? మళ్లీ పెట్టు" అంది.