ప్యాకేజింగ్ (పైథాన్ లైబ్రరీ)

ప్యాకేజింగ్ అనేది పైథాన్ లైబ్రరీ. ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ పనిచేయడానికి ఇంకే ప్యాకేజీలు, ఏ వెర్షన్లలో కావాలో తెలిపే డిపెండెన్సీ వరుసలను ఇది చదివి, భాగాలుగా విడదీసి, అర్థం చెబుతుంది. 2014లో డొనాల్డ్ స్టఫ్ట్ దీన్ని మొదలుపెట్టారు. పేరులో అథారిటీ ఉన్నా ఎవరినీ శాసించలేని పైథాన్ ప్యాకేజింగ్ అథారిటీ అనే స్వచ్ఛంద బృందం దీన్ని నిర్వహిస్తోంది. నేరుగా దీన్ని పిలిచి కోడ్ రాసేవారు తక్కువే. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనమైన పిప్‌ను వాడేవారు మాత్రం తెలియకుండానే దీన్ని వాడుతున్నారు.

2000 నుంచి పైథాన్‌తో పాటే అందిన డిస్ట్‌యూటిల్స్ అనే సాధనం ప్యాకేజీని తయారుచేసి ఇన్‌స్టాల్ చేసేది కానీ, దానికి కావలసిన ఇతర ప్యాకేజీలను తెచ్చిపెట్టేది కాదు. ఆ లోటును 2004లో ఫిలిప్ జె. ఈబీ రాసిన సెటప్‌టూల్స్ తీర్చింది. ఫలానా ప్యాకేజీ, ఫలానా వెర్షన్ లేదా అంతకంటే కొత్తది కావాలని ఒక్క వరుసలో రాసే అలవాటు దానితోనే స్థిరపడింది. అయితే ఆ వరుసను ఎలా చదవాలన్న నియమం ఎక్కడా రాసిలేదు. సెటప్‌టూల్స్ కోడ్‌కు ఏది అర్థమైతే అదే నియమం. వెర్షన్ పేరిట ఏ అక్షరాలు రాసినా అది కాదనకుండా ఏదో ఒక వరుసక్రమంలో పెట్టేది. 2008లో ఇయాన్ బికింగ్ రాసిన పిప్ కూడా సెటప్‌టూల్స్ మీదే ఆధారపడింది.

నియమాన్ని కాగితం మీద పెట్టే తొలి ప్రయత్నాలు నిలవలేదు. 2009లో తారెక్ జియాదే ప్రతిపాదించిన పెప్ 386 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులను ప్రతిపాదించే పత్రం) వాడుకలో కుదురుకోలేదు. డిస్ట్‌యూటిల్స్2 అనే ప్రాజెక్టును ప్యాకేజింగ్ పేరుతోనే పైథాన్ 3.3లో చేర్చాలనుకుని, విడుదలకు ముందే 2012లో తొలగించారు. నేటి లైబ్రరీది అదే పేరైనా ఆ కోడ్‌తో సంబంధం లేదు.

నిక్ కాగ్లన్, స్టఫ్ట్ 2013లో రాయడం మొదలుపెట్టిన, వెర్షన్లను రాసే, పోల్చే నియమాలు చెప్పే పెప్ 440 మరుసటి ఏడు ఆమోదం పొందింది. దాన్ని కోడ్‌గా మార్చడమే ఈ లైబ్రరీ తొలి పని. వెర్షన్లను పోల్చడం చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది. అక్షరాల లెక్కన 1.10 కంటే 1.9 పెద్దది, వెర్షన్ల లెక్కన చిన్నది. 1.0, 1.0.0 రెండూ ఒకటే. అభివృద్ధిలో ఉన్నది ముందు, తర్వాత ఆల్ఫా, బీటా, విడుదలకు సిద్ధమైన ప్రతి, ఆపై అసలు విడుదల, చివర దాని సవరణలు. ఒక ప్రాజెక్టు సంఖ్యలు వేసే పద్ధతినే మార్చుకుంటే ముందు ఆశ్చర్యార్థకంతో యుగసంఖ్య చేర్చవచ్చు: 1!2.0 అన్నది 2014.1 కంటే కొత్తది. ~= 2.2 అని రాస్తే 2.2 గానీ, 2తో మొదలయ్యే అంతకంటే కొత్త వెర్షన్ గానీ సరిపోతుంది, 3.0 పనికిరాదు.

డిపెండెన్సీ వరుస మొత్తానికి వ్యాకరణం 2015లో రాబర్ట్ కాలిన్స్ రాసిన పెప్ 508తో వచ్చింది. ప్యాకేజీ పేరు, చదరపు బ్రాకెట్లలో అదనపు సదుపాయాలు, వెర్షన్ హద్దులు, సెమీకోలన్ తర్వాత షరతు అనే భాగాలు అందులో ఉంటాయి. విండోస్ అయితేనే, లేదా పైథాన్ 3.8 కంటే పాతదైతేనే ఈ ప్యాకేజీ కావాలని చెప్పేది ఆ షరతే. లైబ్రరీ ఆ వరుసను చదివి, ఒక వెర్షన్ హద్దులో ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. పరస్పరం పొసగే వెర్షన్ల సమూహాన్ని వెతికే బాధ్యత దానిది కాదు. పిప్‌లో ఆ పని రిజాల్వ్‌లిబ్ అనే వేరే లైబ్రరీ చేస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే సాధనానికే ఒక ప్యాకేజీ అవసరమైతే దాన్ని ఎవరు ఇన్‌స్టాల్ చేయాలి? పిప్ తన లోపలే ఈ లైబ్రరీ నకలు పెట్టుకుని ఈ చిక్కు తప్పించుకుంది. సెటప్‌టూల్స్ 2017లో 34వ విడుదలలో తన లోపల ఉన్న ఇలాంటి నకళ్లు తీసేసి, అందరిలాగే దీన్నీ డిపెండెన్సీగా ప్రకటించింది. ఇన్‌స్టలేషన్లు చిక్కుల్లో పడటంతో అదే ఏడాది 36వ విడుదలలో నకళ్లను తిరిగి తెచ్చుకుంది.

నియమానికి లొంగని పాత వెర్షన్ల కోసం లైబ్రరీలో మొదట లెగసీవెర్షన్ అనే తరగతి (క్లాస్) ఉండేది. అర్థంకాని ప్రతి రాతనూ అది సరైన వెర్షన్లన్నిటికంటే పాతదిగా లెక్కగట్టేది. 2022 డిసెంబరులో వచ్చిన 22.0 దాన్ని తొలగించింది. అప్పటిదాకా వాక్య విశ్లేషణకు వాడిన పైపార్సింగ్ లైబ్రరీని కూడా వదిలి, సొంతంగా రాసుకున్న పార్సర్‌ను పెట్టుకుంది. 2023 జనవరిలో సెటప్‌టూల్స్ 66 అదే బాట పట్టగానే ఉబుంటు అనే లినక్స్ పంపిణీ నడిచే యంత్రాల్లో ఇన్‌స్టలేషన్లు ఆగిపోయాయి. ఆ పంపిణీవారు వెర్షన్ చివర తమ పేరు అతికించిన ప్యాకేజీలు ఆ యంత్రాల్లో ఉండటమే కారణం. తప్పు ఎవరిదన్న వాదన పక్కన పెడితే, ఆ రాతలు ఏళ్ల తరబడి చెల్లుబాటయ్యాయన్నది నిజం. 2024 జూన్‌లో వచ్చిన 24.1 నుంచి పిప్ కూడా పెప్ 440కి లొంగని వెర్షన్లను అంగీకరించడం మానేసింది.