వయసు అడగని వార్త

తరగతిలో గుణసంధి చెబుతూ ఉదాహరణ అడిగితే వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి ‘ప్రేమోన్మాది’ అన్నాడు. ప్రేమ, ఉన్మాది అని విడదీశాడు కూడా. ఆ మాట వాడికి ఏ కావ్యమూ నేర్పలేదు, పత్రిక నేర్పింది. యువకుల నేరాలంటే సమాజంలో ఉన్న భయం నిజమైనదే. ఆ భయానికి భాషను ఎవరు సమకూర్చారన్న ప్రశ్న మాత్రం సాహిత్య విమర్శకులమైన మనకు సంబంధించినది.

2008 డిసెంబర్ 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు ఆ నెలాఖరున కన్నుమూశారు. ఆ దారుణాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మూడు రోజులకే, 13న, ముగ్గురు నిందితులు మామునూరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. అప్పటి ఎస్పీ సజ్జనార్‌కు విద్యార్థులు పూలదండలు వేశారు. ఆ సాయంత్రం హనుమకొండలో ఎవరో మిఠాయి ఇస్తే నేనూ తిన్నాను.

అప్పటికి ఇరవై నాలుగు గంటల వార్తా చానళ్ళు మన ఇళ్ళలోకి వచ్చి కొద్ది సంవత్సరాలే. ఒకే దృశ్యాన్ని రోజంతా తిప్పితే ఒక్క నేరం వంద నేరాలుగా కనిపిస్తుంది. బస్టాండులో ఊరికే నిలబడ్డ నలుగురు కుర్రాళ్ళను చూసినా తల్లిదండ్రులకు గుండె దడ మొదలవుతుంది. ఆ దడకు పేరు కావాలి కదా! ‘మగాడు’కు వట్రుసుడి తగిలించి ‘మృగాడు’ అన్నారు. చమత్కారమే. కాని మృగానికి ఊరూ బడీ ఉండవు, వయసు అంతకన్నా ఉండదు. ఉండవలసిన అవసరం వార్తకు లేదు.

అది 2019లో రుజువైంది. నవంబర్ 27న శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబర్ 6న చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. సైబరాబాద్ కమిషనర్‌గా ఉన్నది అదే సజ్జనార్. మళ్ళీ పూలు కురిశాయి. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల గుర్తింపును బయటపెట్టరాదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతున్నది. నలుగురి పేర్లూ ముఖాలూ అప్పటికే ఇంటింటికీ చేరాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెలుగులోకి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయిన వారిలో ముగ్గురు మైనర్లనీ అది తేల్చింది. ఆధారాలలో బడి రికార్డులున్నాయి. నేను బడిపంతులుని, అడ్మిషన్ రిజిస్టరు తెరవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. పుట్టినతేదీలు చాలాసార్లు మేమే ఉజ్జాయింపుగా వేస్తామన్నదీ తెలుసు. కనుకనే అది విచారణలో తేలవలసిన విషయం, వంతెన కింద కాదు.

కోర్టులు ఏళ్ళు తీసుకుంటాయి కదా అంటారు మిత్రులు. చాలా కేసుల్లో నిజమే. కాని 2019 జూన్‌లో హనుమకొండలోనే ఒక పసిపాపపై జరిగిన ఘోరంలో వరంగల్ కోర్టు ఆగస్టులోనే ఉరిశిక్ష విధించింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఈ వరుస ఎంతమందికి గుర్తుందో!

పత్రికలను నిందించి ఊరుకుంటే సరిపోదు. 2019 డిసెంబర్‌లో వచ్చిన కవితల్ని కొన్ని కత్తిరించి దాచుకున్నాను. అభ్యుదయ కవులవే ఎక్కువ. మొన్న సెలవుల్లో తీసి చదివాను. సగానికి పైగా వాటిలో ‘మృగం’ ఉంది. అందులో ఒకటి నేను రాసినది.